చుక్క తిన్న పచ్చజొన్న

హైదరాబాదు వచ్చిన కొత్తలో మా ఆవిడ వరలక్ష్మికి ఈ ఊళ్లో ఏదీ నచ్చలేదు. నీళ్లు నచ్చలేదు, బియ్యం నచ్చలేదు, వీధిలో వినిపించే తెలుగు అసలే నచ్చలేదు. నచ్చిందల్లా జయమ్మ పాలు. నాంపల్లి స్టేషను వెనక గల్లీలో మేం అద్దెకు దిగిన రెండు గదులూ జయమ్మవే. గుమ్మం దిగితే వాకిలి, వాకిలి దాటితే ఆమె గేదెల కొట్టం. మమ్మల్ని దిగబెట్టడానికి తెనాలి నుంచి వచ్చిన మా మామగారు, ఈ వాసనలో కాపురం ఎలా చేస్తారని ముఖం చిట్లించారు. మర్నాడు పొద్దున కాఫీ తాగాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మావాళ్లంతా గుమాస్తా ఉద్యోగాలతో దర్జాగా కర్నూలు నుంచి దిగుతుంటే, నేను ఆబిడ్స్‌లో ఒక ఫోటో స్టూడియోలో చీకటిగదిలో కూర్చోవడానికి వచ్చాను. పగలంతా ఎర్ర బల్బు కింద ఫిల్ములు కడగడం, కాగితం మీద బొమ్మ తేల్చడం నా పని. అమరేశ్వరరావు అన్న నా పేరు పూర్తిగా పలికే ఓపిక జయమ్మకు లేదు. మొదటి రోజే నన్ను ఫోటో సారును చేసేసింది. నేను జయమ్మగారూ అని పిలిస్తే మాత్రం ఆమెకు నవ్వాగేది కాదు. గారూ గీరూ వద్దని, నోరారా అక్కా అనమని చెప్పింది. అప్పటి నుంచి ఆమె మాకు జయమ్మక్క.

ఆమె భర్త సదాశివ రైల్వే గోదాములో పనిచేసి, మేం రాకముందే పోయాడు. కూతురు అహల్య అప్పటికి చిన్నపిల్ల. పాడి అత్తగారి కాలం నుంచీ ఉన్నదే. ఆ అత్తా, ఈ కోడలూ నాంపల్లి దాటి ఎక్కడా బతికి ఎరగరు. ఇన్నేళ్లూ పశువులతో బతికి కూడా జయమ్మక్క ఒక్కసారైనా పొలం గట్టు ఎక్కలేదు. గడ్డి బండి మీద వచ్చేది, నీళ్లు నల్లాలో వచ్చేవి, తౌడూ చెక్కా కోఠి నుంచి వచ్చేవి. పొలం అంటే ఆమెకు రైలు కిటికీలోంచి కనిపించే ఖాళీ జాగా. అందుకే గడ్డి విషయంలో ఆమెకు ఒకటే కొలత. పచ్చగా ఉంటే మంచిది, ఎండిపోతే చెడ్డది. ఆ గల్లీలో పాడి ఉన్నవాళ్లందరి కొలతా అదే. పచ్చగడ్డి బండి వచ్చిందంటే చక్రాలు ఆగకముందే అందరూ దాని మీద పడేవాళ్లు.

ఆమె కోపం సంగతి నాకు మొదటి నెలలోనే తెలిసింది. ఒకరోజు, అదీ మా ఆవిడ పోరు పడలేక, పాలు కాస్త పలచగా ఉన్నట్టున్నాయని నసిగాను. జయమ్మక్క నా చేతిలోని గిన్నె లాక్కుని, కొట్టంలోకి పోయి, నా కళ్లెదుటే గేదె పొదుగు కింద పెట్టి పితికి, నిండుగా తెచ్చి చేతిలో పెట్టింది. తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ వారం పాలు మాత్రం ఇంకాస్త చిక్కగా వచ్చాయని వరలక్ష్మి సంతోషించింది.

రెండో తగువు అంతకన్నా పెద్దది. పై సంపాదన కోసం నేను కొన్ని ఫోటోల పని ఇంటికి తెచ్చుకుని, వాకిట్లో నల్లా దగ్గర ప్రింట్లు కడిగేవాణ్ని. ఫోటో చెరిగిపోకుండా నిలవాలంటే చివర హైపో అనే మందునీళ్లలో ముంచాలి. పటిక బెల్లంలా ఉంటుంది ఆ మందు. ఆ నీళ్లు కొట్టం పక్క మోరీలోంచి పోవడం చూసి జయమ్మక్క శివాలెత్తిపోయింది. ఆ విషం నాకి తన బర్రెలు చస్తాయని, నా తొట్లు తీసుకెళ్లి గల్లీలో విసిరేసింది. ఆ మందు చిటికెడు కూడా తన వాకిట్లోకి తేనని దేవుడి పటం ముందు ఒట్టు వేయించుకుంది. సాయంత్రం నేను స్టూడియో నుంచి వస్తే చేతులు కడుక్కున్నాకే కొట్టం ముందు నుంచి పోనిచ్చేది. బడికి పోయే పిల్లాడిలా చేతులు చూపించి లోపలికి పోవడం నాకు అలవాటైపోయింది.

ఇంత చెప్పి ఆమె మంచితనం చెప్పకపోతే అన్యాయం. వరలక్ష్మి రెండు కాన్పులూ ఆమె చేతుల మీదే జరిగాయి. మా పిల్లలు ఆమె ఒళ్లోనే పెరిగారు. కానీ ఎవరైనా తనకు సాయం చేయబోతే మాత్రం ఒప్పుకునేది కాదు. అహల్య పెళ్లి చేసుకుని హిమాయత్‌నగర్ వెళ్లాక, అల్లుడు నిజంగానే మంచివాడు, వచ్చి తమతో ఉండమని ఎన్నిసార్లు అడిగాడో. ఆమె జవాబు ఎప్పుడూ ఒక్కటే.

"నా కొట్టంల ఒక్క బర్రె ఉన్నన్నొద్దులు నేను ఎవలింట్ల కూసోని తినను."

డెబ్బై రెండు కరువులో ఆ ఒక్క బర్రె దాకా వచ్చింది. వానల్లేవు. గడ్డి బండ్లు రావడం తగ్గిపోయి, వచ్చినా పుల్లల్లాంటి ఎండుగడ్డి వచ్చేది. ఉన్న నాలుగు గేదెల్లో రెంటిని అమ్మేసింది. ఒకటి వట్టిపోతే దాన్నీ తోలేసింది. మిగిలింది చుక్క ఒక్కతే. నుదుటి మీద తెల్లమచ్చ ఉండేది కనుక ఆ పేరు. చుక్కది కూడా యజమానురాలి స్వభావమే. జయమ్మక్క తప్ప ఇంకెవరు ముట్టుకున్నా ఒక్క చుక్క పాలు దింపేది కాదు. ఆ గేదె కూడా పోతే తన మాట ఏమవుతుందో జయమ్మక్కకు తెలుసు. అల్లుడింట్లో ఒక మూల కూర్చుని, పెట్టింది తిని, టీవీల్లేని ఆ రోజుల్లో గోడలు చూస్తూ గడపాలి. ఆ భయం ఆమె పైకి అనేది కాదు కానీ, పొద్దున లేవగానే చుక్క పక్కటెముకలు తడిమి చూసుకోవడం మేం చూసేవాళ్లం.

సెప్టెంబరులో ఒక జల్లు పడింది. అది పడ్డ కొద్ది రోజులకు, ఒక పొద్దున, పచ్చజొన్న మోపులతో బండి వచ్చింది. ఎన్ని నెలలకో కనిపించిన పచ్చదనం. ఎదురింటి పోచయ్యదీ పాడి వ్యాపారమే. ఆబిడ్స్‌లో ఒక ఇరానీ హోటలుకు పాలు ఎవరు పోయాలన్న గొడవలో అతనికీ జయమ్మక్కకూ మాటలు పోయి ఏళ్లయింది. ఆ పొద్దున ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ఒకే మోపును లాగడం నేను పళ్లు తోముకుంటూ చూశాను. గెలిచింది జయమ్మక్కే. ఎక్కువ మోపులు ఆమె కొట్టంలో పడ్డాయి, పోచయ్యకు రెండు మిగిలాయి. ఆమె మొహంలో ఆ సంతోషం చూసి నాకూ సంతోషమేసింది. పాలు పితికి, గిరాకీలకు పోసి వచ్చి, చుక్క ముందు ఒక మోపు విప్పింది.

స్టూడియోకు పోయేముందు నేను అన్నం తింటున్నాను. జయమ్మక్క నన్ను పిలిచింది. ఆమె గొంతు నేను పదిహేనేళ్లుగా వింటున్నాను, అంత మెల్లగా ఎప్పుడూ వినలేదు. ఎంగిలి చేత్తోనే పరుగెత్తాను.

చుక్క నాలుగు కాళ్లూ ఎడంగా పెట్టి, మెడ ముందుకు చాచి, నోరు తెరిచి ఊపిరి కోసం కొట్టుకుంటోంది. మూతి నిండా నురగ. ఒళ్లంతా వణుకు. నేను చూస్తుండగానే ముందు కాళ్లు మడిచి కూలబడింది. జయమ్మక్క దాని మెడ పట్టుకుని ఏమయిందే, ఏమయిందే అంటోంది. గల్లీ చివర ఉండే పశువుల డాక్టరు రాధాకృష్ణమూర్తిగారు గుర్తుకొచ్చి అటు పరుగెత్తాను. ఆయనదీ మా వైపే, ఆయన ఇంటికీ జయమ్మక్క పాలే. డ్యూటీకి బయల్దేరి బూట్లు కట్టుకుంటున్నారు. మా అదృష్టం, ఒక బూటు ఇంకా మిగిలి ఉంది.

ఆయన వస్తూనే గేదె కనురెప్ప ఎత్తి చూశారు. తర్వాత కింద పడి ఉన్న జొన్న ఆకు ఒకటి తీసుకుని, మొదలు చూసి, నలిపి వాసన చూశారు. ఎండిపోయిన పైరు కోసేశాక, జల్లు పడితే ఆ మోళ్ల మీద మొలిచిన లేతజొన్న అది అన్నారు. రైతులు దాన్ని నాము అంటారట, పశువును ఆ దరిదాపులకు పోనివ్వరట. కరువు మొదలైనప్పటి నుంచి ఊళ్లలో ఆయన చూస్తున్నవి ఇవే కేసులు. సంచిలోంచి ఒక ఇంజెక్షను తీసి మెడ నరానికి ఇచ్చారు. ఇది కొంతసేపు నిలబెడుతుంది కానీ దీని వెంట ఇంకో మందు పడాలి, అది నిన్న శంషాబాద్ వైపు ఒక ఊళ్లో అయిపోయిందన్నారు. నా వైపు తిరిగారు.

"మీ స్టూడియోలో హైపో ఉంటుంది కదండీ?"

నాకు సరిగా అర్థం కాలేదు. ఫోటోల హైపోనా అని అడిగాను. అదేనన్నారు. జొన్న విషానికి విరుగుడు అదేనట. జయమ్మక్క లేచి నిలబడింది. ఆమె మొహం చూస్తే నాకు భయమేసింది.

"గది విషం సారూ. గది నా బర్రెకు పోస్తరా?"

డాక్టరుగారు ఓపిగ్గానే చెప్పారు. విషం ఇప్పటికే చుక్క కడుపులో ఉందనీ, ఆలోచిస్తూ కూర్చునే వ్యవధి లేదనీ అన్నారు. జయమ్మక్క ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. పదిహేనేళ్లు నన్ను చేతులు కడుక్కోనిదే కొట్టం దాటనివ్వని మనిషి, ఇప్పుడు ఆ మందు మంచిదో చెడ్డదో నన్ను చెప్పమంటోంది.

"నువ్వు చెప్పు సారూ. పొయ్యాల్నా, వద్దా?"

నాకేం తెలుసు? నాకు తెలిసింది ఫోటో నిలవడం గురించి, గేదె నిలవడం గురించి కాదు. పోస్తే చచ్చిందనుకోండి, ఆ ఇంట్లో ఉండటానికి మాకు మొహం ఉంటుందా అన్న పాడు ఆలోచన కూడా వచ్చింది. కానీ నేను ఇన్నేళ్లుగా ఆ నీళ్లలో చేతులు పెట్టి బతుకుతున్నాను, నాకేం కాలేదు. డాక్టరుగారు ఇదే పనిలో ఉన్న మనిషి.

"పోద్దాం అక్కా," అన్నాను.

ఆమె కళ్లు మూసుకుని తెరిచింది.

"జల్ది తే. పోతా పోతా పోచయ్యకు చెప్పు, గా గడ్డి ఎయ్యద్దని."

ఇంత కష్టంలోనూ ఆమెకు పోచయ్య గేదెలు గుర్తుకొచ్చాయి. ఆ మాట అప్పుడు నా చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు. తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఆమె మీద నాకు గౌరవం పెరుగుతూనే ఉంది.

సైకిలెక్కి ఎదురింటి ముందు ఆగాను. పోచయ్య మోపు కట్టు విప్పుతున్నాడు. ఆ గడ్డి వేయొద్దని జయమ్మక్క చెప్పమందంటే నమ్మలేదు. నాలుగు మోపులు గుంజుకున్నది చాలక నా రెంటి మీద గూడ కన్ను పడ్డదా అని నవ్వాడు. చుక్క పడిపోయిందని చెప్పాను. అతని చేతిలోంచి మోపు జారిపోయింది. ఇంకో మాట లేకుండా నన్ను తోసుకుని ఆమె కొట్టం వైపు పరుగెత్తాడు.

ఆబిడ్స్ దాకా ఎలా తొక్కానో నాకు గుర్తులేదు. స్టూడియోలో మా యజమాని వామన్‌రావుగారు ఒక పెళ్లిజంటను కుర్చీల్లో కూర్చోబెట్టి, నల్లగుడ్డలో తలదూర్చి ఉన్నారు. నేను నేరుగా లోపలికి పోయి హైపో బస్తాలోంచి గుడ్డసంచి నింపుకుంటున్నాను. చప్పుడు విని ఆయన వచ్చి ఏమిటిదని అడిగారు. బర్రె కోసమన్నాను. బర్రెకు ఫోటో ఎందుకని ఆయన ఆశ్చర్యపోయారు. రెండు ముక్కల్లో చెప్పాను. మామూలుగా ఒక ప్రింటు పాడైతే గంటసేపు సణిగే మనిషి, పక్కనే ఉన్న డబ్బా కూడా తీసి నా సంచిలో కుమ్మరించారు.

"ఫికర్ చెయ్యకు, ఇంకా కావాల్నంటే మళ్ల రా. జల్ది పో."

నేను తిరిగి వచ్చేసరికి చుక్క ఒకపక్కకు ఒరిగి పడుకుని ఉంది. దాని తల పోచయ్య ఒళ్లో ఉంది. బతికే ఉంది. డాక్టరుగారు వరలక్ష్మి చేత నీళ్లు మరిగించి సిద్ధంగా ఉంచారు. హైపో కలిపి, దూదిలోంచి వడకట్టి, కొంత నరానికి ఎక్కించారు. మిగతాది వెదురు గొట్టంలో పోసి తాగించాలన్నారు. పోచయ్య మూతి ఎత్తి పట్టుకున్నాడు. గొట్టం జయమ్మక్కే తీసుకుంది. ఒక్క చుక్క ఒలకనివ్వలేదు. అంతా అయ్యాక ఇక చూడటమే మన పని అన్నారు డాక్టరుగారు.

ఆ చూడటం అంత కష్టమైన పని ఇంకోటి లేదు. గేదె రొప్పడం ఒక్కటే వినబడుతోంది. చాలాసేపటికి ఆ రొప్పు కాస్త నెమ్మదించింది. అవునో కాదో అని నేను డాక్టరుగారి మొహం చూశాను. ఆయన నుదుటి మీది చెమట తుడుచుకుని, వరలక్ష్మి ఇచ్చిన కాఫీ మొదటిసారి నోట్లో పెట్టుకున్నారు. నా ప్రాణం అప్పుడు కాస్త కుదుటపడింది.

చుక్కకు ఊపిరి తిరిగిన మరుక్షణం జయమ్మక్కకు కోపం కూడా తిరిగొచ్చింది. బండివాణ్ని తిట్టింది. తెలిసే తెచ్చి పోసి పోయాడంది. పోచయ్య పక్కనే ఉన్నాడు కనుక అతని దిష్టి గురించి అనబోయి ఆగిపోయింది. డాక్టరుగారు నవ్వారు. ఇది మనుషులెవరూ చేసింది కాదనీ, జొన్నే చేసిందనీ అన్నారు. లేతజొన్న ఆకులో రెండు సరుకులు వేర్వేరు చోట్ల దాగి ఉంటాయట. విడివిడిగా ఉన్నంతసేపూ ఏ బాధా లేదు. పశువు పళ్ల కింద ఆకు నలిగిందంటే రెండూ కలిసి విషం పుడుతుంది. నాకు చటుక్కున అర్థమైంది. చీకటిగదిలో నేను చేసేదీ అదే, ఈ తొట్టిలో మందు ఆ తొట్టిలో పడకుండా కాపలా కాయడం. నీళ్లు బాగా తాగి ఎదిగిన పైరులో ఆ సరుకు తగ్గిపోతుందట. నీళ్లు లేక గిడసబారిన మొక్కలోనూ, కొత్తగా పుట్టిన పిలకలోనూ దండిగా ఉంటుందట.

ఆయన దగ్గర మొక్కల విషయం ఎత్తితే ఆపడం కష్టం. తెగులు సోకిన చోట చుట్టూ మందు పుట్టించి, తెగులును అక్కడే ఆపే మొక్కలున్నాయన్నారు. ఈమధ్య ఎవరో శాస్త్రజ్ఞులు టమాటా మొక్క మీద పరిశోధన చేశారట. పురుగు ఒక ఆకును కొరికితే, ఆ కబురు కొరకని ఆకులకు కూడా అందుతుందట. అవి పురుగుకు అరగని పదార్థం తయారుచేసి పెట్టుకుంటాయట. కబురు ఏ రూపంలో పోతుందో ఇంకా తేలలేదన్నారు. ఏదో రసాయనమే అయి ఉండాలన్నారు.

"గడ్డికి గింత కోపమా?" అంది జయమ్మక్క.

"కోపం కాదమ్మా. దానికి కాళ్లు లేవు కదా, పారిపోలేదు. ఉన్నచోటే ఉండి ప్రాణం కాపాడుకోవాలి."

జయమ్మక్క చుక్క మెడ నిమురుతూ గోడ పక్కన కుప్పగా ఉన్న జొన్న వైపు చూసింది. ఇందాకటి కోపం ఆమె మొహంలో లేదు.

"అంటే అది గూడ కరువులనే ఉన్నది. కోసేసినంక మళ్ల బతుకుదామనుకున్నది."

డాక్టరుగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. పోచయ్య పైకప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు.

అంతలో చుక్క చెవులు కదిలాయి. తల ఎత్తింది. పోచయ్య గబుక్కున పక్కకు జరిగాడు. వెనక కాళ్లు కూడదీసుకుని, ఒకసారి తూలి, రెండోసారి నిలబడింది. వరలక్ష్మి చేతులు జోడించింది. డాక్టరుగారు ఇక భయం లేదని, ఈ పూట పాలు మాత్రం ఎవరికీ పోయొద్దని, కాసేపయ్యాక కావాలంటే కాస్త ఎండుగడ్డి వేయమని చెబుతున్నారు. ఆయన మాట పూర్తి కాలేదు. చుక్క రెండడుగులు వేసి, గోడ పక్కకు మెడ చాచి, నాలుక బారెడు బయటపెట్టి, అదే పచ్చజొన్న మోపును అందుకోబోయింది.

ఇంతసేపూ విషం గురించి అంత చక్కగా మాట్లాడుకున్నామే కానీ, ఆ మోపును అక్కడి నుంచి తీయాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. జయమ్మక్క ఒక్క ఉరుకున వెళ్లి మోపు మీద బోర్లా పడింది. చుక్క నాలుక ఆమె వీపు మీద పాకింది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో మాకు తెలియలేదు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

"సిగ్గులేని దానా, సావు చూసొచ్చినవ్, మళ్ల గదే తింటవా?"

అని లేచి, చుక్క మెడ చుట్టూ చేతులు వేసి, అందరి ముందూ బావురుమని ఏడ్చింది. కూతుర్ని అత్తారింటికి పంపిన రోజున కూడా ఏడవని మనిషి. నేనూ కళ్లు తుడుచుకున్నాను. ఎవరైనా చూస్తే చూడనీ అనుకున్నాను.

పోచయ్య మెల్లగా వచ్చి ఆ మోపులన్నీ బయటికి లాగేశాడు. తర్వాత తన ఇంటికి పోయి, ఈ కరువులో ఎక్కడ దాచుకున్నాడో, చంకనిండా ఎండు వరిగడ్డి తెచ్చి చుక్క ముందు వేశాడు. జయమ్మక్క వద్దనలేదు. చుక్క దాన్ని వాసన చూసి, నచ్చకపోయినా, మెల్లగా నమలడం మొదలుపెట్టింది.